పన్నెండు కిలోల సంచి

మాచర్లలో మా వీధివాళ్ళు ఇప్పటికీ ఒక మాట అంటుంటారు: "ఆణ్ణి పెళ్ళాం వాగులోంచి మోసుకొచ్చిందంట." ఈ మాట తప్పు. ఆమె నన్ను మోయలేదు, నా సంచిని మోసింది. నేను నా కాళ్ళ మీదే నడిచాను. కాకపోతే చివరి నాలుగు కిలోమీటర్లలో నా కుడిచెయ్యి ఆమె భుజం మీద ఉంది. రెండింటికీ తేడా ఉంది. నవ్వేవాళ్ళు ఎలాగూ నవ్వుతారు కాబట్టి, సరైన దానికే నవ్వాలని ఇది రాస్తున్నాను.

ఆమె నా మేనమామ కూతురు. పెళ్ళయి అప్పటికి ఏడాదిన్నర. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, కాలవల సర్వేలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. ఆమె గుంటూరులో నర్సు శిక్షణ పూర్తి చేసింది. ఆ ఏడు మే నెల మొదట్లో ఆమెకు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ఊళ్ళు తిరిగి పిల్లలకు టీకాలు వెయ్యాలి, కాన్పులు చూడాలి. జూన్ ఒకటిన చేరాలి. సెంటరు మాచర్లకు పడమటగా, నల్లమల అంచున ఒక ఊళ్ళో ఉంది. దాని కింద నాలుగు తండాలు. బస్సు ఆ ఊరిదాకానే వస్తుంది. తండాలకు వాగు వెంట కాలిబాటే.

మా నాన్న లారీ డ్రైవరు. క్వారీల నుంచి నాపరాళ్ళు ఎత్తుకొని నరసరావుపేట, చిలకలూరిపేట తిరిగే మనిషి. ఆయన ఆర్డరు కాగితాన్ని ఆమె చేతిలోంచి తీసుకొని, రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"వద్దమ్మాయ్. రోజూ ఎండలో పది మైళ్ళు తిరగాల. నీ వల్ల కాదు."

"ఎందుకు కాదు మామయ్యా?"

"నేను చూశా."

ఆయన ఏం చూశాడో మాకు తెలుసు. నా చిన్నప్పుడు క్వారీలో రాళ్ళు మోసే ఒకామెకు వడదెబ్బ తగిలితే, రాళ్ళు దించేసి, ఆమెను లారీ క్యాబిన్‌లో పడుకోబెట్టి గురజాల ఆసుపత్రికి తోలాడు. ఆసుపత్రి గేటు దాకా వచ్చేసరికి ఆమె లేదు. ఆ సంగతి మా ఇంట్లో ఆయన ఒక్కసారే చెప్పాడు. తర్వాత ఎన్ని ఎండాకాలాలు వచ్చినా మా అమ్మను మిట్టమధ్యాహ్నం గడప దాటనివ్వలేదు.

నా భార్య ఆగి, మెల్లగానే అంది: "ఆమె నీళ్ళు లేక పోయింది మామయ్యా. ఆడమనిషి అయినందుకు కాదు."

"ఏందే ఆ మాటలు, పెద్దాయనతో!" వంటింట్లోంచి మా అమ్మ.

"నువ్వుండు," అన్నాడు నాన్న. తర్వాత ఆమెతో: "అంత పౌరుషం ఉంటే ఆ వాగులో ఒక్కపూట నడిచి చూపించు."

"ఒక్కపూటెందుకు? ఆ ఊరికాడ దిగి, కృష్ణలో కలిసేదాకా నడుస్తా. ఈ ఎండల్లోనే."

నేను ఈ సంభాషణలో లేను. ఉండాలనీ ఎవరూ అనుకోలేదు. అయితే నా మనసులో ఒక పక్క మ్యాపు తెరుచుకుంది. సర్వే మ్యాపులో ఆ వాగు నాకు బాగా తెలుసు. రెండు పక్కలా నిట్టనిలువు గట్లు, మధ్యలో ఇరవై ఆరు కిలోమీటర్ల ఎండిన రాతిలోయ, చివర కృష్ణ ఒడ్డున, గుండ్రటి బుట్టపడవలు ఆగే పుట్టి రేవు. దాంట్లో పై నుంచి కిందిదాకా నడిచినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. నాకు వెళ్ళాలనిపించింది. ఆ మాట ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు.

నాన్న షరతులు పెట్టాడు. టీకాల డబ్బా, దాంట్లో ఐసు, రిజిస్టర్లు, మందులు అన్నీ కలిపి ఎంత బరువుంటాయని అడిగాడు. పది, పన్నెండు కిలోలు అంది ఆమె.

"పన్నెండు వేసుకో. ఈడు నీతో వస్తాడు, కాదనను. కానీ నీ సంచి ఈడి భుజం మీదకి ఎక్కిందని తెలిసిందా, ఆర్డరు చింపి పొయ్యిలో పెడతా."

"ఎక్కదు."

"రెండోరోజు పొద్దుగూకేలోపల రేవుకి చేరాల. నేను లారీ ఏసుకొని అక్కడుంటా. అక్కడ మళ్ళీ కాటా పెడతా."

"పెట్టండి మామయ్యా."

సంచులు నేనే గీశాను. పాత లారీ పట్టా గుడ్డ, వీపుకు ఆనేచోట దూది, రెండు భుజాలకూ మంచానికి వాడే నవారు పట్టీలు. లారీ సీట్లు కుట్టే సాయిబు నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇప్పటిదాకా బండ్లకే కుట్టా బాబూ, మనిషికి కుట్టలే. హారను కూడా పెట్టమంటావా?" అన్నాడు. కుట్టు మాత్రం గట్టిగా వేశాడు.

తర్వాత జాబితా. మొత్తం ముప్పై ఒక్క వస్తువు. అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగలు, జొన్నరొట్టెలు, ఉల్లిపాయలు, ఉప్పు, నిమ్మకాయలు, దుప్పట్లు, తాడు, దిక్సూచి, మ్యాపు. నా అంచనాలో ఏ రెండింటిని మరిచిపోయినా నడక ఆగిపోదు, నీళ్ళు తప్ప. నీళ్ళ దగ్గర నేనొక తెలివితేటల పని చేశాను. పదమూడు లీటర్లలో అయిదు నా సంచిలో, ఎనిమిది ఆమె సంచిలో సర్దాను. మా నాన్న పత్తి కొనేవాళ్ళ దగ్గర కొక్కెం కాటా అడిగి తెచ్చి వసారా దూలానికి వేలాడదీశాడు. ఆమెది సరిగ్గా పన్నెండు. నాది పదమూడు. ముల్లు ఆగేదాకా ఊపిరి కూడా పీల్చకుండా చూశాడు ఆయన. నేనేం చేశానో ఆయనకు తట్టలేదు.

బస్సులో మమ్మల్ని అందరూ ఒకటే అడిగారు, ఏం మొక్కు అని. కోటప్పకొండకు కాలినడకన పోయేవాళ్ళు మా వైపు చాలామంది. మొక్కు లేకుండా వీపున మూట కట్టుకొని నడిచే మొగుడూపెళ్ళాలను వాళ్ళు చూసి ఉండరు. "మొక్కేమీ లేదు పెద్దమ్మా, ఊరికే," అని నా భార్య చెబితే, పక్కసీటు పెద్దమ్మ నా వైపు జాలిగా చూసింది.

తెల్లవారి ఆరుగంటలకు వాగులో దిగాం. మొదటి గంటలోనే గట్లు లేచాయి. నాపరాయి పొరలు పలకల దొంతరలు పేర్చినట్టు ఇరవై, ముప్పై మీటర్ల ఎత్తున రెండు పక్కలా నిలబడ్డాయి. బూడిదరంగు, మధ్యమధ్య ఊదారంగు చారలు. అడుగున రాతిపలకలు, గులకరాళ్ళు, ఎప్పటి వరదలోనో కొట్టుకొచ్చి ఇరుక్కున్న చెట్టు మొదళ్ళు. చండ్రచెట్లు ఆకులు రాల్చి ముళ్ళు మిగుల్చుకున్నాయి. ఎనిమిదింటికల్లా రాయి వేడెక్కింది. పదింటికి ఎండ పైనుంచి కాక గట్లలోంచి వస్తున్నట్టుంది.

మొదటిసారి ఆగినప్పుడు నేను మాట జారాను. "నీ డబ్బాలో నీళ్ళే ముందు తాగుదాం."

ఆమె చెయ్యి ఆగింది. సంచి ముడి విప్పి లోపల చూసి, నా వైపు చూసింది.

"ఎనిమిది లీటర్లు నాకే ఎందుకు పెట్టావు బావా?"

"సర్దుబాటు కోసం."

"తాగేకొద్దీ నాది తేలికవుద్దని. సాయంత్రానికి నేను ఉత్త సంచి ఊపుకుంటా పోతానని. అంతేగా?"

ఇంజనీరింగు చదివినవాడికి పట్టుబడటం అలవాటుండదు. "షరతులో అట్లా చెయ్యకూడదని లేదుగా," అన్నాను.

"మామయ్య మళ్ళీ కాటా పెడతానన్నాడు, మరిచిపోయావా? పెట్టకపోయినా సరే. రేపు తండాకి పోతుంటే టీకాల డబ్బాలో ఐసు ఉంటది. దాహమేసిందని ఐసు నములుతానా? ఈ నీళ్ళు నీళ్ళు కావు. మందు అనుకో. రేవు దాకా ముట్టుకునేది లేదు."

"మోసే నీళ్ళు తాగకపోవడం ఏ శాస్త్రంలోనూ లేదే."

"నా శాస్త్రంలో ఉంది. నీ నీళ్ళు తీయ్."

నేను వాదన పెంచలేదు. ఎందుకంటే నా లెక్కలో ఇంకో పద్దు ఉంది. మ్యాపులో పదమూడో కిలోమీటరు దగ్గర, వాగు ఎడమకు తిరిగేచోట, ఒక మడుగు నీలిరంగులో ఉంది. ఏడాదంతా నీళ్ళుండే మడుగు అని గుర్తు. సాయంత్రానికి అక్కడికి చేరతాం. అందాకా నా అయిదు లీటర్లు చాలు.

మధ్యాహ్నం ఒక పెద్ద రాయి నీడలో ఆగినప్పుడు పైనుంచి గొంతు వినిపించింది. గట్టు అంచున ఒక ముసలాయన, చుట్టూ మేకలు.

"ఏందయ్యా, లేచిపోయి వచ్చారా?"

"లేదు తాతా, పెళ్ళయింది!" నా భార్య అరిచింది.

"పెళ్ళయినాక ఈ వాగులో ఏం పనే మీకు? మీ అత్త తరిమిందా?"

"మామ పందెం కట్టాడు!"

ఆయనకు అది చాలా నచ్చింది. నవ్వి నవ్వి దగ్గాడు. నేను మ్యాపు పైకెత్తి మడుగు సంగతి అడిగాను.

"ఆ మడుగా? అది పోయి రెండేళ్ళు. పై తండా ఎగువన చెరువుకి అడ్డకట్ట పడింది గదా, ఊట ఇటు రావట్లా. నీళ్ళు కావాలంటే ఇక్కడే పైకెక్కండి. మా తండాలో బావి ఉంది."

ఆమె వెంటనే లేచింది. నేను లేవలేదు. పైకెక్కి దిగడానికి రెండు గంటలు. మ్యాపు సర్వే చేసింది మేకలు కాసేవాళ్ళు కాదు. ఊట మడుగు ఒక అడ్డకట్టతో మొత్తం ఎండదు, కొంచెమైనా ఉంటుంది. ఇవి నేను చెప్పిన మూడు కారణాలు. మూడూ తప్పే.

"తాత రోజూ తిరిగే మనిషి బావా."

"మ్యాపు కూడా తిరిగి చేసిందే."

"ఎప్పుడు తిరిగారు?"

మ్యాపు మూల సర్వే జరిగిన ఏడాది అచ్చేసి ఉంది. నేను పుట్టకముందుది. ఆ మూలను నేను మడిచి ఉంచాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

సాయంత్రం అయిదున్నరకు మడుగు చేరాం. ఉంది, మ్యాపు చెప్పినచోటే, చెప్పినంత వెడల్పునే ఉంది. అడుగున మట్టి అప్పడాల్లా పగిలి అంచులు పైకి లేచి ఉంది. నేను పళ్ళెంతో చెలమ తవ్వాను. మోచెయ్యి లోతుకు తడి ఇసుక తగిలింది. ఇంకో జానెడు తవ్వితే మళ్ళీ పొడి. ఆమె వంగి చెలమలోకి చూసి, పళ్ళెం మట్టి దులిపి పక్కన పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

కాసేపయ్యాక తన సంచి ముడి మీద చెయ్యి వేసింది. "తీస్తా."

"వద్దు," అన్నాను. "నా దగ్గర ఇంకా లీటరుంది."

నిజంగానే లీటరు ఉంది. కానీ నేను ఆలోచిస్తున్నది వేరే. ఈ రాత్రి, రేపు పగలు ఆమె డబ్బాల్లోంచి తాగితే రేవు దగ్గర ముల్లు అయిదు దగ్గర ఆగుతుంది. మా నాన్న మాట తప్పే మనిషి కాదు, చింపేస్తాడు. మడుగు తప్పు నాది. దానికి ఆమె ఉద్యోగం పోకూడదు. కాబట్టి ఆ లీటరును ఆమెకు అందించాను. నా వంతు వచ్చినప్పుడు డబ్బా ఎత్తి, గొంతు కదిలించి, దించాను. పొద్దున కూడా అంతే. ఈ పని జాబితాలో లేదు.

రెండోరోజు అయిదింటికే బయల్దేరాం. తొమ్మిదింటికి నా నోట్లో ఉమ్మి లేదు. పదింటికి చెమట ఆగిపోయింది. ఎండలో చెమట ఆగిపోవడం మంచిది కాదని తెలిసి కూడా, బట్టలు ఆరాయని సంతోషించాను. కిలోమీటర్లు పైకి లెక్కపెడుతున్నానట. ఇరవై ఒకటి తర్వాత పంతొమ్మిది అన్నానట. అది విని ఆమె వెనక్కి తిరిగింది. నేను మోకాళ్ళ మీద ఉన్నాను.

ఆమె నన్ను గట్టు కింద రెండడుగుల నీడలోకి లాగింది. నుదుటి మీద చెయ్యి వేసింది. నా సంచిలో డబ్బా పైకెత్తి చూసింది. అందులో ఆమె వంతు పోగా ఎంత మిగలాలో ఆమెకు తెలుసు. ఎంత మిగిలిందో కూడా చూసింది. అర్థమైపోయింది.

"రాత్రి తాగలేదు నువ్వు."

నేను ఏదో అనబోయాను.

"నోర్మూయ్. పొద్దున కూడా తాగలేదు. నా ఉద్యోగం కోసం నువ్వు చస్తే, తెల్లచీర కట్టుకొని పోయి టీకాలెయ్యనా? ఏమనుకున్నావు నన్ను?"

"కాటా..." అన్నాను.

"కాటా లేదు, గీటా లేదు. చింపితే చింపనీ." పళ్ళతో ముడి విప్పింది. నాలుగు లీటర్ల డబ్బా మూత తీసి నా నెత్తిన వంచింది. చొక్కా విప్పించి ఛాతీ మీద, మెడ మీద, చంకల్లో తడిగుడ్డ పెట్టింది. మ్యాపు మడిచి దాంతోనే విసిరింది. మ్యాపు ఆ ప్రయాణంలో ఉపయోగపడింది ఆ ఒక్కసారే. తర్వాత గ్లాసులో బెల్లం, చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలిపి చెంచాతో పట్టించింది. నేను గ్లాసు లాక్కోబోతే చెయ్యి మీద కొట్టింది.

"మెల్లగా. మందు అన్నానుగా. మందు రోగికే ఇస్తారు."

మూడు గంటలు అక్కడే ఉన్నాం. తనూ తాగింది, లెక్క పెట్టుకోకుండా. ముందురోజు ఆమె ఆ నీళ్ళను ముట్టనిచ్చి ఉంటే, మడుగు చేరేలోపు తాగేసేవాళ్ళం, నా పథకం ప్రకారం. నా పథకం ప్రకారమైతే ఈ రాత నేను రాసేవాణ్ణి కాదు.

లేచాక నేను సంచి ఎత్తుకోబోతే ఆమె తీసేసుకుంది. తువ్వాలు చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకొని, దాని మీద నా సంచి పెట్టుకుంది. తన సంచి వీపునే ఉంది. నా చెయ్యి తీసి తన భుజాన వేసుకుంది. నాలుగు కిలోమీటర్ల చివర్లో గట్లు తగ్గి, కృష్ణ మీద నుంచి గాలి తగిలింది. మలుపు తిరిగితే రేవు.

ఆమె ఆగింది. "ఇక్కణ్ణుంచి నీ సంచి నువ్వేసుకుంటావా? అక్కడ పుట్టివాళ్ళు అందరూ ఉంటారు. నవ్వుతారు."

వేసుకోగలను. రెండు వందల అడుగులు. ఒక్క క్షణం చెయ్యి చాచాను కూడా. తర్వాత దించేశాను.

"వద్దు. నువ్వే మొయ్. చూడనీ అందర్నీ."

రేవు దగ్గర నాపరాళ్ళ దిమ్మె పక్కన లారీ ఆగి ఉంది. మా నాన్న కాటాను లారీ వెనక కొక్కేనికి అప్పటికే వేలాడదీసి ఉంచాడు. పుట్టివాళ్ళు నలుగురైదుగురు చుట్టూ చేరారు. "ఏందన్నా, కోడలు కూలికొచ్చిందా?" అన్నాడు ఒకడు. నాన్న దగ్గరికొచ్చాడు. ఆమె మెడ రెండు పక్కలా నవారు ఒరుసుకొని కందిన గీతలు చూశాడు. ఆమె వీపున సంచి తీసి కొక్కేనికి తగిలించాడు.

"అయిదుం పావు," అన్నాడు.

ఆయన జేబులోంచి ఆర్డరు తీశాడు.

"చింపండి మామయ్యా," అంది ఆమె. "తగ్గింది నీళ్ళే. మీ అబ్బాయి నెత్తిన పోశా, నోట్లో పోశా. మళ్ళీ అట్లాగే అయితే మళ్ళీ పోస్తా. కిలోలు చూసుకుంటా కూచోను."

నాన్న నా వైపు తిరిగాడు. "ఏమైందిరా?"

"వడదెబ్బ."

"ఎవరికి?"

"నాకే. ఆ మడుగు ఎండిపోయిందని మేకల తాత చెప్పినా నేనే వినలేదు. నీళ్ళు తాగానని దీనికి అబద్ధం చెప్పా. ఈ రెండో సంచి నాది. దాన్నీ ఇదే మోసింది."

పుట్టివాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. నేను వాణ్ణి చూస్తూ నిలబడ్డాను. వాడే చూపు తిప్పుకున్నాడు.

మా నాన్న లారీ టైరుకు ఆనుకొని కాసేపు నది వైపు చూశాడు. వచ్చి నా మెడ వెనక చెయ్యి వేసి చూశాడు, జ్వరం చూసినట్టు. చెయ్యి చాలాసేపు తీయలేదు.

"ఆ రెండోది కూడా తగిలించు."

ఆమె నెత్తి మీది సంచి దించి, మొదటి దాని పక్కనే తగిలించింది. ముల్లు ఊగి ఆగింది.

"పదకొండుం ముప్పావు. పన్నెండుకి పావు తక్కువ."

"పత్తి కొనేవాడు బస్తాకి ఇంతకన్నా ఎక్కువే తీస్తాడులే అన్నా," అన్నాడు పుట్టివాడు.

"నిన్నెవరడిగార్రా?" అన్నాడు నాన్న. ఆర్డరును ఆమె చేతికిచ్చాడు. "తరుగు కింద పోద్ది. జేబులో చెమటకి తడిసింది, ఆరబెట్టుకో."

ఇంటికి పోయేటప్పుడు క్యాబిన్‌లో ఆమె మధ్యలో కూర్చుంది. చాలా దూరం పోయాక నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు: "అమ్మాయ్, ఆ ఉప్పూ బెల్లం నీళ్ళు ఎట్లా కలుపుతారు?" ఆమె కొలతలు చెప్పింది. ఆయన మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఇది జరిగి రెండేళ్ళయింది. ఆమె ఆ నాలుగు తండాలూ తిరుగుతోంది. నవారు పట్టీలు ఒకసారి మార్పించాం. ఆ మ్యాపులో మడుగు మీద నేను ఎర్రసిరాతో ఇంటూ కొట్టి పక్కన ఆ ఏడాది వేశాను. మా నాన్న లారీలో సీటు కింద ఇప్పుడు ఒక నీళ్ళ డబ్బా, బెల్లం పొట్లం, ఉప్పు పొట్లం ఉంటాయి. ఎండాకాలం క్వారీకి పోతే లోడు ఎత్తేముందు అక్కడ రాళ్ళు మోసేవాళ్ళకు తనే కలిపి ఇస్తాడు.

వీధిలో మాత్రం ఆ మాట ఆగలేదు. మొన్న టీకొట్టు దగ్గర ఒకడు, "ఏం బావా, ఈ ఎండాకాలం ఎక్కణ్ణుంచి మోయించుకొస్తావు?" అన్నాడు. జాబితా జేబులోనే ఉంది, తీసి చూపించాను. ఈసారి ఎగువ నుంచి, నలభై కిలోమీటర్లు. ఆమె సంచి పన్నెండు, నాది పన్నెండు, నీళ్ళు సగం సగం.